తుల్సీరాం సారు ఒక్కసారే చెప్తడు

మణుగూరు కాలనీలో కంప్యూటర్ చెప్పే తుల్సీరాం సారుకు ఒకటే రోగం. ఏ మాటైనా జన్మలో ఒక్కసారే చెప్తాడు.

కాలనీలో దిగిన రోజు గేటు ముందు నిలబడి వీధి మొత్తానికీ కలిపి ఒక దండం పెట్టాడు. పదేళ్లయింది, ఎదురింటి విశ్రాంతమ్మకు ఇంకో దండం దక్కలేదు. ఆయన భార్య పద్మావతమ్మ గతి మరీ అన్యాయం.

"కూరల ఉప్పు సరిపోయిందా?"

"నువ్వు కాపురానికొచ్చిన రోజే సరిపోయిందన్న గదా. అది అన్ని కూరలకు."

"ఇయ్యాల అసలు వెయ్యనే లే."

సారు తిన్నాడు. మాట మార్చలేదు.

ఈ తిక్కకు ఆయన దగ్గర శాస్త్రం కూడా ఉంది. జావా ప్రోగ్రాంలో స్టాటిక్ బ్లాకని ఒకటుంటుందట. మొట్టమొదటి పిలుపుకు లేచి, అందరికీ కావలసినవి సర్దిపెట్టి పడుకుంటుందట. తర్వాత వెయ్యిమంది పిలిచినా లేవదట. ఆ పాఠం బ్యాచికి మొదటి రోజే చెప్తాడు. ఆ రోజు రానివాడు కాళ్లమీద పడ్డా మళ్లీ చెప్పడు.

విశ్రాంతమ్మ దిగులంతా అదే. భర్త అంతోనయ్య పోయాక, నలభైయో రోజు ప్రార్థన అయ్యేదాకా, సారు దగ్గర కోర్సుకు పేరిచ్చిన కూతురు జెస్సికా గడప దాటలేదు. బ్యాచి కూర్చుని నెల దాటింది. ఈ కోర్సు పోతే పిల్లకు ఏడాది పోయినట్టే.

ప్రార్థన అయిన మర్నాడే బిడ్డను వెంటబెట్టుకుని సారు క్లాసుకు పోయింది.

"సార్, మొదటి పాఠం పిల్లకు ఒక్కసారి మళ్లీ చెప్పుండ్రి."

"మళ్లీ చెప్పుడు నాతోని కాదమ్మా."

"చెప్తే నోరు అరుగుతదా ఏంది?"

వెనక బెంచీ మీద భీమ్లా కిసుక్కుమన్నాడు. "మొదలు చెప్తే గదా ఆంటీ, మళ్లీ చెప్పెటందుకు. నెల సంది మాతోని కీబోర్డులు తుడిపిస్తుండు. పాఠమేది సార్ అంటే, మొదటి పిలుపు రాలేదంటడు. మేం పిలిస్తే పిలుపు కాదంట. ఆ ముందు ఖాళీ కుర్చీల మమ్మల్ని కూసోనియ్యడు."

బోర్డు మీద నెల కిందటి తేదీ అట్లాగే ఉంది. తేదీ కూడా ఒక్కసారే రాస్తాడు కదా. సారు అటు తిరిగి, తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

జెస్సికా ఆ కుర్చీలో కూర్చుంది. "పాఠం చెప్పండి సార్."

సారు సుద్దముక్క అందుకున్నాడు.

సాయంత్రం విశ్రాంతమ్మ గిన్నెడు చేపల పులుసు పట్టుకెళ్లింది. పద్మావతమ్మ రుచి చూసి, "ఉప్పు మరిచినవక్కా" అంది.

"మరువలే. ఏమంటడో చూద్దామని."

తలుపు చాటున ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. సారు గిన్నె ఊడ్చి తిన్నాడు. మాట మార్చలేదు.