ఎనిమిది మీటర్లు తక్కువైన కొండ

మా నోటుబుక్కులో ఎత్తులు మూడు రకాలు. ఒక టాకా కన్నా తక్కువుంటే దిబ్బ. నాలుగు టాకాల లోపైతే గుట్ట. నాలుగు, ఆపైన ఉంటే కొండ. టాకా అంటే సాంచా, అదే మరమగ్గం, మీద నుంచి దింపిన బట్ట చుట్ట, మా కార్ఖానాలో నూరు మీటర్లు. సూరత్ పక్కన ఈ సచిన్ ఊళ్లో పొద్దంతా టాకాలు దింపేవాళ్లకు ఇంకే కొలత నోటికొస్తుంది? మూడు టాకాలు భుజాన వేసుకుని నడవొచ్చు, నాలుగోది పెడితే మోకాళ్లు వంగుతాయి. అందుకే గీత అక్కడ గీశాం.

సెలవు రోజున నలుగురైదుగురం బస్సెక్కి, బార్డోలీ చెరుకు తోటలు దాటి, తూర్పున గుట్టలు మొదలయ్యే చోట దిగేవాళ్లం. ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పలేను. ఇప్పుడు తలచుకుంటేనే కాళ్లు లాగుతున్నాయి. సముద్రం నుంచి ఎంత ఎత్తో నా ఫోన్ చెప్పేది, పుస్తకం నా దగ్గరుండేది. రాయడంలో నేను మొండివాణ్ని. ఎవరు బతిమాలినా ఒక్క మీటరు కలిపేవాణ్ని కాదు. అదొక గొప్ప అనుకునేవాణ్ని.

మాలో ఒక పెద్దాయన ఉండేవాడు. మేముండే ఉన్ బస్తీలో మా గల్లీయే. కార్ఖానాలో మేం నేసిన బట్ట కొలిచి మడతపెట్టే పని. అందరం అన్నా అని పిలిచేవాళ్లం. ఏళ్ల తరబడి పీల్చిన పోగుల దుమ్ముతో ఆయనకు ఆయాసం. పెద్ద ఎత్తులు మొదలుపెట్టి సగంలోనే కూలబడేవాడు. మా అందరి పేర్ల కింద కొండలున్నాయి, ఆయన పేరు కింద గుట్టలే.

"ఒక్క కొండ రాయి తమ్మీ నా పేరు మీద. మళ్ల అడుగ" అనేవాడు.

పోయిన చలికాలం ఒకటి ఎక్కాం. అన్న పది అడుగులకోసారి ఆగాడు. మధ్యాహ్నానికి పైకి చేరి, రాయి మీద కూర్చుని, ఊపిరి అందాక అడిగాడు.

"ఎంత జూపెట్టింది?"

"మూడొందల తొంబై రెండు. గుట్టనే అన్నా. ఎనిమిది మీటర్లు తక్కువ."

"ఒకటిన్నర చీర తక్కువ వడ్డదన్నట్టు" అని నవ్వబోయి దగ్గాడు. "పోనీ తియ్. అండ్ల సగం బస్సే ఎక్కింది."

ఆయన ముందే గుట్ట అని రాశాను. దిగేటప్పుడు నా భుజం పట్టుకుని దిగాడు.

ఆ తర్వాత డాక్టరు మెట్లు కూడా ఎక్కొద్దన్నాడు. అన్న పని మానేసి కింది గదికి మారాడు. ఆయన లేక మా నడకలు కూడా తగ్గిపోయాయి.

ఈ మధ్య కార్ఖానాలో కొత్తగా చేరిన ఒకతని టాకా తక్కువొచ్చింది. ఇప్పుడు బట్ట కొలిచే మనిషి అందరి ముందూ "టాకా కమ్ హై" అని అరిచాడు. నాకు నా మొదటి నెలలు గుర్తొచ్చాయి. నా టాకాలు ఏడు మీటర్లో పది మీటర్లో తక్కువొచ్చేవి. అన్న కొలిచి, నా మొహం చూసి, "నిండింది, పో" అనేవాడు. ఒక్కసారి కూడా తక్కువని రాయలేదు. అది గుర్తొచ్చి సాంచా పక్కనే సిగ్గుతో చచ్చిపోయాను.

డ్యూటీ దిగి పుస్తకం తీసుకుని ఆయన గదికి పోయాను.

"అన్నా, దాన్ని కొండ అని రాస్తున్న. ఫోన్ల పది మీటర్లు అటిటు అయితదంట."

ఆయన పుస్తకం వైపు చూశాడు గానీ చేతిలోకి తీసుకోలేదు. కోపంగా కూడా లేడు.

"ఇప్పుడు రాస్తే ఏం ఫాయిదా తమ్మీ? నేను పైన కూసున్నప్పుడు అనేదుండె."

వదినను చాయ్ పెట్టమన్నాడు. తాగి వచ్చేశాను. పుస్తకంలో అది ఇప్పటికీ గుట్టే.