చెప్పుల కాపలా

మా ఇంట్లో ఎవరు నీళ్ళలోకి దిగినా ఒడ్డున చెప్పులకు కాపలా నేనే. వైజాగ్ బీచ్‌లో నేనే, నాగార్జునసాగర్ దగ్గర నేనే, ఆఖరికి రిసార్టుల్లో మోకాలి లోతు పూల్ పక్కన కూడా నేనే. నా భార్య, కూతురు చెప్పులు విప్పేసి, ఫోన్లు నా చేతిలో పెట్టి, కేరింతలు కొడుతూ పోతారు. నేను ప్యాంటు కూడా మడవకుండా కూర్చుని, వాళ్ళ తలలు రెండూ నీళ్ళ మీద కనిపిస్తున్నాయా లేదా అని చూస్తుంటాను.

చిన్నప్పుడు నా కూతురు వేలు పట్టుకుని గుంజేది. "చెప్పులెవ్వరెత్తుకపోతరు నాన్నా? రా!" అనేది. "నువ్వు పో బిడ్డా, నేనీడ సూస్తుంట" అనేవాణ్ణి. అది తల్లితో మాట్లాడితే గోదావరి జిల్లా యాస, నాతో మాట్లాడితే నానక్‌రామ్‌గూడ యాస. పక్కింటివాళ్ళు నవ్వుతారు గానీ నాకు మాత్రం మహా గర్వం.

నేనేం పిరికివాణ్ణి కాదు, ముందే చెబుతున్నాను. హైటెక్ సిటీలో ఒక ఆఫీసుకు ఉద్యోగుల క్యాబ్‌లు నడిపించే పని నాది. పెద్ద వాన పడి రోడ్లన్నీ జామైనప్పుడు అటు డ్రైవర్లతో, ఇటు మేనేజర్లతో గొంతు చించుకుని, ఒక్కొక్కర్నీ క్షేమంగా ఇల్లు చేరుస్తాను. నా నోటికి జడిసి డ్రైవర్లు బ్రేకులు సరిచూసుకుంటారు. కానీ నీళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆ నోరు పడిపోతుంది.

దానికి కారణం ఉంది. నానక్‌రామ్‌గూడలో ఇప్పుడు అద్దాల మేడలున్న చోట మా చిన్నప్పుడు గుట్టలు, రాళ్ళు, రాయి కొట్టి వదిలేసిన గుంతలు. వానలకు ఆ గుంతలు నిండేవి. మా గల్లీ పిల్లవాడొకడు, నాకంటే కాస్త పెద్దవాడు, ఒక మధ్యాహ్నం ఈతకు దిగి మళ్ళీ పైకి రాలేదు. ఊరంతా ఉరికింది. మా అమ్మ నా రెక్క పట్టుకుని నిలబడింది. గట్టు మీద వాడి చెప్పులు పక్కపక్కన సక్కగా విప్పి ఉన్నాయి. నీళ్ళకంటే ఆ చెప్పులే నాకు ఎక్కువ గుర్తు. అప్పట్నుంచి ఒడ్డున విప్పిన చెప్పులు కనబడితే, వాటి మనుషులు తిరిగొచ్చి తొడుక్కునేదాకా నాకు ఊపిరాడదు. ఈ సంగతి నా భార్యకు తెలుసు. కూతురికి చెప్పలేదు, పసిదాన్ని భయపెట్టడమెందుకని.

కూతురి పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. గోవా పోదామని, సముద్రంలో ముఖానికి అద్దం కట్టుకుని చేపల్ని చూడాలని దాని కోరిక. స్నార్కెలింగ్ అంటారట. ఒకరోజు సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే వంటింట్లో తల్లీకూతుళ్ళ మాటలు వినిపించాయి.

"నాన్ననడిగావా?" అంది నా భార్య.

"ఎందుకమ్మా? పడవ మీద చెప్పులు చూసుకోవడానికి ఒడ్డు కూడా ఉండదు. నాన్న హోటల్లో పడుకుంటాడులే."

కోపంగా అనలేదు. ఎగతాళిగానూ అనలేదు. ఫ్యాన్ ఆపెయ్ అన్నంత మామూలుగా అంది. నాకు తల తీసేసినట్టయింది. ఎప్పటి నుంచి అడగడం మానేసిందీ పిల్ల? కిందటి ఏడు అడిగిందా? అంతకుముందు? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అది గుంజుతుంటే విదిలించుకున్నన్నాళ్ళూ, గుంజడం మానేస్తుందని నాకు తట్టనేలేదు. బూటు చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. అది మళ్ళీ ఒక్కసారి నన్ను అడగాలి, అంతే. ఇంకేం వద్దనిపించింది.

తెల్లారి ఆఫీసు నుంచే గోవాకు ఫోన్ కొట్టాను. అందరూ ఎక్కే పడవైతే ముప్పై మంది ఉంటారు, నా అవస్థ వీడియోలు తీస్తారు. అందుకని మా ముగ్గురికే ఒక యాచ్ కావాలన్నాను. బండి మాట్లాడటం నాకు వెన్నతో పెట్టిన విద్య కదా, మొదలుపెట్టాను. పికప్ ఎక్కడ, డ్రాప్ ఎక్కడ, వెయిటింగ్ చార్జీ ఉందా, డ్రైవర్ భత్తా ఎవరిది, ఎన్ని కిలోమీటర్ల వరకు. అవతలి మనిషి ఓపిగ్గా, "సార్, ఇది సముద్రం. కిలోమీటర్లు లెక్కపెట్టం, గంటలే" అన్నాడు హిందీలో. సరే అన్నాను గానీ అలవాటు ఊరుకుంటుందా, "స్టెప్నీ ఉంది కదా?" అని కూడా అడిగేశాను. "సార్... లైఫ్ రింగ్ ఉంది. నీళ్ళలో పట్టుకుని తేలడానికి" అన్నాడు. అదే, అదే అన్నాను గంభీరంగా. పక్క సీట్లో అమ్మాయి కుర్చీలోంచి జారిపడింది నవ్వలేక.

నానక్‌రామ్‌గూడలో తమ్ముడి దగ్గరుండే అమ్మకు చెబితే ఆమె చేటలో బియ్యం చెరగడం ఆపేసింది. "ఇల్లు కిరాయికి తీస్కుంటరు, బండి కిరాయికి తీస్కుంటరు. పడవను కిరాయికి తీస్కునుడేందిరా, పెండ్లి టెంటు లెక్క? నువ్వైతే నీళ్ళల్ల దిగవు గద?"

"దిగనమ్మా. ఊకె సూసొస్తం. ఫికర్ చెయ్యకు."

ఆమె నా ముఖంలోకి చూసి మళ్ళీ బియ్యం చెరగడం మొదలుపెట్టింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

ఇక ఈత. కోకాపేటలో మా అపార్ట్‌మెంట్లకు పూల్ ఉంది. జనం రాకముందే, పొద్దున్నే, కూతురు లేవకముందే నేనూ నా భార్యా దొంగల్లా కిందికి దిగేవాళ్ళం. ఆమె కాలువల్లో దూకి పెరిగిన మనిషి. "ఏవండీ, కొయ్యలా బిగుసుకోకండి. వీపు కింద నా చెయ్యుందిగా. చెవులు నీళ్ళలో పెట్టండి" అనేది. నేను చెవులు పెట్టేవాణ్ణి, వెంటనే తీసేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆకాశం చూస్తూ పడుకోవడం వరకు వచ్చింది, ఆమె చెయ్యి ఉన్నంతసేపూ.

ఒక పొద్దున చెప్పాపెట్టకుండా ఆ చెయ్యి తీసేసింది. నేను మునిగాను. ఆమెకు కంగారు పుట్టింది. పెళ్ళయిన నాటి నుంచి 'అండి' లేకుండా నన్ను పలకరించిన పాపాన పోని మనిషి, ఆ కంగారులో మర్యాదంతా మరిచి, "తేలు! తేలు! తేలు!" అని కేకలు పెట్టింది.

రాళ్ళ మధ్య పెరిగినవాడికి ఆ మాట ఎట్లా వినిపిస్తుందో ఆమెకేం తెలుసు? చిన్నప్పుడు ఏ రాయి ఎత్తినా కింద అదే, నల్లగా, కొండి లేపి. ఒకసారి కుట్టించుకుని రాత్రంతా ఏడ్చాను కూడా. ఇక ఈత లేదు, మునగడం లేదు, ఎట్లా ఎక్కానో తెలియదు, నేను గట్టు మీదున్నాను. "యాడ? యాడున్నది?" అని గంతులేస్తున్నాను.

వాచ్‌మన్ పాలమూరు వాడు. తేలు అన్న మాట వినపడగానే కర్ర పట్టుకుని ఉరికొచ్చాడు. "ఎంత పెద్దగున్నది సార్?" అని పూల్ చుట్టూ కుండీలన్నీ జరపడం మొదలుపెట్టాడు. నా భార్య నీళ్ళలో నిలబడి, నవ్వు ఆగక, మెట్టు మీద కూలబడిపోయింది. ఆమె తేరుకుని అసలు సంగతి చెప్పేలోపే పూల్ గేటుకు తాళం పడింది, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో 'పూల్‌లో తేలు, పిల్లల్ని పంపకండి' అని మెసేజీ పడింది. నా పరువు గంగలో కలిసింది. గంగ కూడా కాదు, క్లోరిన్ నీళ్ళలో.

ఆ మెసేజీ చూసి నా కూతురు నిద్రకళ్ళతో కిందికి ఉరికొచ్చింది. "నాన్నా, పూల్ల తేలున్నదంట, వాకింగ్‌కు అటు పోకు..." అంటూ ఆగిపోయింది. నేను నిక్కరు మీద, నీళ్ళోడుతూ, తువ్వాలు వెతుక్కుంటున్నాను.

"నువ్వు ఈత నేర్చుకుంటున్నవా?"

"లే. తేలును సూసెతందుకొచ్చిన" అన్నాను. ఇంకేమనాలి?

అది వాళ్ళమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. ఇప్పుడు అడుగుతుంది అనుకున్నాను. అడగలేదు. తువ్వాలు తెచ్చి నా భుజం మీద వేసి పైకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళు కాదన్న మనిషి ఒక్కసారికి ఔనంటాడని అదైనా ఎట్లా నమ్ముతుంది?

గోవాలో యాచ్ తెల్లగా, మా హాలంత ఉంది. కెప్టెన్ మా అందరినీ ఎక్కేటప్పుడే చెప్పులు విప్పమన్నాడు. వెనక వైపు మూడు జతలూ వరసగా పెట్టాం. నేను అలవాటు కొద్దీ మొదట కెప్టెన్‌ను తిప్పలు పెట్టాను, మందుల డబ్బా ఏది, లైఫ్ జాకెట్లు ఎన్ని, ఆ స్టెప్నీ ఎక్కడ అని. ఆయన నవ్వుతూ నారింజ రంగు రింగు చూపించాడు. తీరం వెంబడే పోయాం. కొబ్బరి చెట్లు, ఎర్ర మట్టి కొండ, కొండ మీద పాత కోట గోడ, అన్నీ మెల్లగా వెనక్కి జరిగాయి. ఇంజిను చప్పుడు తప్ప ఫోన్ల చప్పుడు లేదు. భలే ఉంది అనుకున్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు చాలా సంతోషమేసింది.

ఒక చిన్న దీవి పక్కన లంగరు వేశారు. తల్లీకూతుళ్ళు దిగిపోయారు. నేను జాకెట్టు బిగించుకుని, ముఖానికి అద్దం పెట్టుకుని, గొట్టం పళ్ళ మధ్య కరుచుకుని నిచ్చెన దిగాను. ముఖం నీళ్ళలో పెట్టీ పెట్టగానే ముక్కులోకి ఉప్పు నీళ్ళు. ఉక్కిరిబిక్కిరై, దగ్గుతూ, నిచ్చెన పట్టుకుని పైకి పాకేశాను. "మీసం సార్, మీసం వల్ల అద్దం అతుక్కోదు, సందులోంచి నీళ్ళొస్తాయి" అన్నాడు కెప్టెన్. మీసం తీయడమా? అమ్మ బతికుండగా ఆ మాటే లేదు. అద్దం పక్కన పడేశాను. వెళ్ళి చెప్పుల పక్కన కూర్చున్నాను. ఛీ, నా బతుకింతే అనుకున్నాను. ఏడుపొచ్చింది.

నిచ్చెన కదిలింది. నా కూతురు పైకొచ్చింది, జుట్టు నుంచి నీళ్ళు కారుతూ. తన సంచిలోంచి వాజ్‌లైన్ డబ్బా తీసి, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నా మీసానికి పూయడం మొదలుపెట్టింది. ఇట్లా చేస్తే నీళ్ళు రావని ఫోన్‌లో చూసిందట, ఇంట్లో ఉన్నప్పుడే.

"ఇంట్లనే సూసినవా? నేను దిగుతనని నీకెట్ల తెలుసు?"

"తెల్వదు. వస్తే అక్కరకొస్తదని తెచ్చిన."

మీసం చివరలు కూడా వదలకుండా పూసి, చేతులు తుడుచుకుని, నా వేలు పట్టుకుంది.

"వస్తవా నాన్నా?"

నేను చెప్పుల వైపు చూశాను. తర్వాత దాని వైపు. "వస్త బిడ్డా" అన్నాను.

ఒక చేత్తో రింగు, ఇంకో చేత్తో దాని వేలు. ముఖం దించాను. నీళ్ళు రాలేదు. నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది, కాళ్ళు తన్నుకుంటున్నాయి. చెవి పక్కన దాని గొంతు, "తేలు నాన్నా, తేలు." ఈసారి ఎక్కడికీ దూకలేదు. కాళ్ళు వదులు చేశాను. కింద నీళ్ళు ఆకుపచ్చగా, కొంచెం మసకగా ఉన్నాయి. రాళ్ళు కనిపించాయి, మా గుట్టల్లాంటి రాళ్ళే. వాటి మధ్య నుంచి నల్ల చారల పసుపు చేపలు గుంపుగా వచ్చి, మమ్మల్ని పట్టించుకోకుండా మా కిందనుంచే పోయాయి. అది వేలితో చూపించింది. నేను గొట్టం కరుచుకునే "అబ్బో!" అన్నాను. అదెట్లా వినపడిందో గానీ పైకి లేచి పకపకా నవ్వింది. అవతల నా భార్య వెల్లకిలా తేలుతూ, చేతులూపుతూ, "ఏవండీ, తేలుతున్నారండీ!" అని అరుస్తోంది.

కెప్టెన్ పిలిచేదాకా పైకి రాలేదు. వచ్చి చూస్తే చెప్పులు ఐదే ఉన్నాయి. గాలికి నాదొకటి సముద్రంలో పడిపోయింది. కాపలా ఎవరూ లేరు కదా.

ఒడ్డు చేరగానే అమ్మ ఫోన్. పొద్దుట్నుంచి ఎన్నిసార్లు చేసిందో.

"అందరు వచ్చిన్రా?" అంది, హలో కూడా లేకుండా.

"అందరం వచ్చినమమ్మా. నేను సుత దిగిన. నా చెప్పొక్కటే రాలేదు."

అవతల అమ్మ ముక్కు చీదుకోవడం వినిపించింది.

"పోతే పోనియ్ కొడుకా. చెప్పే గద" అంది.