కవరు తెరిచాక మిగిలిన చుక్కలు

పోయినవి ముందు రాస్తాను. నలభై ఎనిమిది గాజుబిళ్ళల్లో పదకొండు, వాటి మీద మూడు వారాలు పెంచిన ఎలుక మెదడు కణాలు, నాలుగు రోజుల రంగుల పని. విశాఖలో ఒక పరిశోధనశాలలో నేను టెక్నీషియన్‌గా చేరిన మూడో ఏడాది, జూన్ నెల సంగతి ఇది. అంతకుముందు పద్నాలుగేళ్ళు పోర్టులో ట్యాలీ క్లర్కుని. ఓడ నుంచి దిగే బస్తాలు లెక్కరాసేవాణ్ణి. మైక్రోస్కోపు చూడటం ఈ ఉద్యోగంలో చేరాకే, చూసి చూసి నేర్చుకున్నాను.

లెక్కించాల్సినవి సినాప్సులు. అంటే ఒక నాడీకణం మరోదానికి సందేశం అందించే చోట్లు. పంపే వైపు ఎరుపు, అందుకునే వైపు ఆకుపచ్చ రంగు కనబడేలా చేస్తాం. రెండు చుక్కలూ ఒకదాని మీద ఒకటి పడితే ఒక సినాప్సు. ఆ రెండు వైపులనూ కలిపి పట్టి ఉంచే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. తగరపువలస నుంచి రోజూ బస్సులో వచ్చే పరిశోధక విద్యార్థిని సుగుణ, సగం బిళ్ళల్లో అలాంటి ఒక ప్రోటీను లేకుండా చేసింది. అక్కడ సినాప్సులు తగ్గాలి. ఆమె థీసిస్ చివరి అధ్యాయమంతా దాని మీదే ఆధారపడింది. ఏ బిళ్ళ ఏదో లెక్కించేవాడికి తెలియకూడదు కనుక, నాకు నంబర్లే ఇచ్చి, అసలు జాబితాను కవర్లో పెట్టి తన పరిశోధన చూసే గైడుగారికి అప్పగించింది.

నేను కడిగేటప్పుడు పదకొండు బిళ్ళల మీద కణాలు పొరలా లేచిపోయాయి. పట్టుకునే ప్రోటీను లేనివే ఊడి ఉంటాయనుకున్నాను. లెక్క పూర్తయ్యాక కవరు తెరిస్తే, ఊడినవాటిలో ప్రోటీను ఉన్నవి ఆరు, లేనివి ఐదు. కణాన్ని కణానికి పట్టేది వేరు, గాజుకు పట్టేది వేరు అన్నారు గైడుగారు. అంతకంటే అర్థం కానిది మరొకటి: మిగిలిన ముప్పై ఏడింటిలో సినాప్సుల సగటు ప్రోటీను ఉన్నవాటిలోనూ లేనివాటిలోనూ ఒక్కటే.

"ఏటి బాబాయ్, బస్తాలు లెక్కెట్టినట్టు లెక్కెట్టీసినావేటి?" అంది సుగుణ.

"బస్తాలైతే తేడా వచ్చీదమ్మా," అన్నాను.

అప్పుడు నా పుస్తకంలో మూడో గడి చూసింది. పోర్టులో చిరిగిన బస్తాలను విడిగా రాసేవాళ్ళం. ఆ అలవాటుతో, అంచులు తగిలీ తగలనట్టున్న చుక్కలను ఎటూ కలపకుండా ‘సందేహం’ అని రాసి వదిలాను. ఎవరూ రాయమనలేదు, నేను చెప్పనూ లేదు.

"ప్రోటీను ఉన్నేపు ఇయి కలిపీ, లేనేపు తీసీ. నా సాప్టర్ నిలబడిపోద్ది," అంది. నవ్వుతూనే అంది గానీ చూపు పుస్తకం మీదే ఉంది.

"ఏది ఏటో ఇప్పుడు తెలిసిపోనాది కదమ్మా. ఇంక నాను ముట్టుకోకూడదు."

"మరి తెలీనప్పుడే తేల్సకపోనావేటి?"

నేను పుస్తకం మూశాను.

సంఖ్య సమానమైనా వాటి గుండా సందేశం సరిగ్గా వెళుతోందో లేదో చుక్కలు చెప్పవని, విద్యుత్తుతో కొలవాలని గైడుగారు తేల్చారు. ఆ పరికరం మా దగ్గర లేదు. సుగుణ మరో ఊరు వెళ్ళి కొలిపించుకునేసరికి థీసిస్ ఒక ఏడాది వెనకబడింది.

నేను నేర్చుకున్నది ఇంతే: అనుమానం ఉన్నదాన్ని ఎటు వేయాలో కవరు తెరవకముందే నిర్ణయించాలి. తెరిచాక ఆ నిర్ణయం చెల్లదు. పోయినేడు నేను స్వచ్ఛంద విరమణ తీసుకునేనాటికి తేల్చకుండా ఉన్న చుక్కలు రెండు వందల పదిహేడు. ఈరోజుకీ అంతే.