రొయ్యల చెరువు గట్టున

కూల్‌డ్రింక్ అనుకుని గ్లాసు నోటి దాకా తెచ్చాక బ్రాందీ వాసన తగిలింది. భీమవరం దగ్గర మా బావమరిది రొయ్యల చెరువు పట్టుబడి ఆ రోజు, రొయ్యలన్నీ పట్టి అమ్మే రోజు. సరుకు బాగా వస్తే గట్టు మీద మందు పోయడం అక్కడి ఆనవాయితీ. నేను తాగుడు మానేసి అప్పటికి కొద్ది వారాలే.

“ఒక్క గుక్కేగా బావగారూ! అయ్యప్ప మాలేమైనా వేసుకున్నారా ఏంటండీ?” అని నవ్వాడు.

సత్యం గారికి ఫోన్ చేశాను. నాకంటే ముందే మానేసి, తాగుడు మానేవాళ్ల మీటింగుల్లో నాకు తోడు నిలిచిన మనిషి.

“గ్లాసు అతనికే ఇచ్చేయండి. వస్తున్నా.”

ఫోన్ వాళ్లావిడ చేతికిచ్చి బయల్దేరారు. ఆయన తణుకు నుంచి బైక్ మీద వచ్చేదాకా ఆవిడ నన్ను ఫోన్ పెట్టనివ్వలేదు. “రొయ్య ఎంత కౌంటొచ్చిందండీ, కిలోకెన్ని తూగాయి? మీ ఇంట్లో ఇగురెలా చేస్తారండీ?” అని అడుగుతూనే ఉన్నారు.

ఆ గంట అలా గడిచిపోయింది. మనిషి తోడుంటే గడుస్తుందని తెలిసింది.

ఈమధ్య సత్యం గారు మీటింగులకు రావడం లేదు. నిన్న వాళ్లింటికి వెళ్లాను. “పడుకున్నారండీ” అని ఆవిడ గుమ్మంలోనే చెప్పి పంపేశారు. లోపల్నుంచి బ్రాందీ వాసన తగిలింది.