మా చెల్లె ఆగిపోయిన క్షణాలు

నా చిన్నప్పుడు మా కాలనీలో పగటి నిద్రకు ఉన్న మర్యాద ఇంక దేనికీ ఉండేది కాదు. గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుల క్వార్టర్లు అవి. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మా బాపు పొద్దున పడుకున్నాడంటే ఇంట్లో గిన్నె చప్పుడు కూడా వినబడకూడదు. మేమే కాదు, ఆ వరుసలోని పిల్లలందరం సైగలతోనే ఆడుకునేవాళ్ళం. నిద్ర చాలని మనిషి గనిలోకి దిగితే ఏమవుతుందో అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. పిల్లల నిద్ర సంగతి మాత్రం ఎవరికీ పట్టేది కాదు.

అప్పుడు నాకు పదేళ్ళు, మా చెల్లెకు ఏడు. కుళాయి నీళ్ళు తెల్లవారకముందే వచ్చేవి. అమ్మ నీళ్ళు మోస్తుంటే వరుసలో బిందెల దగ్గర ఒకరు కాపలా ఉండాలి. నాది మొద్దునిద్ర అని ఇంట్లో పేరు. ఒక్క పిలుపుకే లేచేది చెల్లె. అందుకని అమ్మ రోజూ దాన్నే లేపేది. నిజం చెప్పాలంటే చాలా రోజులు నాకూ మెలకువ వచ్చేది. కళ్ళు గట్టిగా మూసుకుని, దుప్పటి లాక్కుని, అవతలికి తిరిగి పడుకునేదాన్ని.

ఆ యేడు వానలు మొదలైనప్పటినుంచి చెల్లెలో ఒక మార్పు వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేది. కళ్ళు తెరిచే ఉండేవి, రెప్పలు కొద్దిగా అదిరేవి, పిలిస్తే పలికేది కాదు. మేము రెండోసారి పిలిచేలోపే మళ్ళీ మామూలుగా అయిపోయి, ఆపిన మాట దగ్గరినుంచే అందుకునేది. బడిలో పాఠం చదువుతూ సగం వాక్యంలో నిలబడిపోతే పంతులు చెవి మెలిపెట్టేవాడు. గాలి సోకిందేమోనని అమ్మ దాని మెడలో తాయెత్తు కట్టించింది. నేను మాత్రం ఇవన్నీ పని తప్పించుకునే ఎత్తులని తేల్చేశాను. కళ్ళు మూసుకుని నటించేదాన్ని నేనే కాబట్టి, ఎదుటివాళ్ళదీ నటనే అనిపించడం సులువు కదా.

ఒక సాయంత్రం చెల్లె పాలగిన్నె పట్టుకుని వస్తూ గడప దగ్గర ఆగిపోయింది. చేతిలోని గిన్నె వంగింది. పాలన్నీ నేలపాలయ్యాయి. అమ్మ పరుగెత్తుకొచ్చింది. నేను ఊరుకోకుండా, "కావాలనే చేసిందమ్మా, నాటకాలాడుతది. బడిల గూడ గిట్లనే చేస్తది" అన్నాను. అమ్మ చెల్లె వీపు మీద రెండు దెబ్బలు వేసింది. ఆ దెబ్బలకు అది ఏడవలేదు. ఖాళీ గిన్నెనూ, తడిసిన నేలనూ, మా ముఖాలనూ వింతగా చూసింది.

"అందరు ఉన్నట్టుండి నామీద కోప్పడుతరు. ఎందుకో నాకు తెల్వది" అంది మెల్లగా.

ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థమైంది మా పక్కింటి ఆమెకు. ఆమె దవాఖానలో పిల్లల వార్డులో నర్సు, ఆమె భర్త లారీ మెకానిక్కు. అక్కను వాళ్ళింట్లో ఆపా అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. అమ్మ అరుపు విని వచ్చిన ఆపా గుమ్మంలోనే నిలబడిపోయింది. చెల్లె చెప్పింది విని దాని గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూసింది. ఎన్నాళ్ళనుంచి ఇలా ఉందని అమ్మను అడిగింది. తర్వాత మా బాపు సంగతి తీసి, "అన్నకు సెలవు ఎప్పుడు? ఆ రోజు నేనొస్త, అందరం ఉండాలె" అని వెళ్ళిపోయింది.

ఆదివారం పగలు ఆపా రంగు కాగితాలతో చేసి పుల్లకు గుచ్చిన గాలిపంకాలు రెండు తెచ్చింది. ఒకటి నాకు, ఒకటి చెల్లెకు ఇచ్చింది. బాపును, అమ్మను ఎదురుగా కూర్చోబెట్టింది. "ఊదుతనే ఉండాలె. ఎవరి పంకా ఆగకుండ తిరుగుతదో చూస్త" అంది. గెలవాలన్న పంతంతో నేను బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదాను. కాసేపటికి నాకు తల తిరిగింది, నవ్వూ వచ్చింది. పక్కకు చూస్తే చెల్లె పంకా మెల్లగా తిరిగి తిరిగి ఆగిపోయింది.

చెల్లె పుల్లను అలాగే పట్టుకుని ఉంది. రెప్పలు అదురుతున్నాయి. ఆపా తొందరపడలేదు, దాన్ని కుదపలేదు. చెవి దగ్గరికి వంగి, "మామిడికాయ" అంది. మళ్ళీ ఒకసారి అంది. మేమందరం చూస్తున్నాం. పది పదిహేను అంకెలు లెక్కపెట్టేంత సేపటి తర్వాత చెల్లె ఏమీ జరగనట్టు మళ్ళీ ఊదడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు నేనేం అన్న బేటా?" అని అడిగింది ఆపా.

"నువ్వేం అనలే" అంది చెల్లె. పందెం ఎవరు గెలిచారోనని నా పంకా వైపు చూసింది.

గనిలో ఎన్నో చూసిన మా బాపు గోడకు చేరగిలబడిపోయాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపా ఇద్దరికీ నెమ్మదిగా చెప్పింది. ఇది ఫిట్సులో ఒక రకమట. కింద పడి కొట్టుకోవడం ఉండదట, మెదడు కొన్ని క్షణాలు ఆగి మళ్ళీ నడుస్తుందట. ఆపకుండా గట్టిగా ఊదితే ఈ ఆగిపోవడం బయటపడుతుందట, డాక్టరుగారు పిల్లలతో ఇలాగే ఊదించి చూడటం తాను వార్డులో చూశానంది. "ఫికర్ చెయ్యకుండ్రి, మందులున్నయి. చానామంది పిల్లలకు పెద్దయ్యేసరికి పోతది" అంది.

నేను వెనక వరండాలోకి పోయి ఏడుస్తూ కూర్చున్నాను. ఆపా వచ్చి పక్కన కూర్చుంది. కొడుతుందనో తిడుతుందనో అనుకున్నాను. పాలు ఒలికిన రోజు నేనన్న మాటలు ఆమె గోడ అవతలినుంచి వినే ఉంటుంది. కానీ ఆమె నా జుట్టు సవరిస్తూ, "నీకు తెల్వలే బేటా. తెల్వనప్పుడు అడగాలె, గంతే" అంది.

మర్నాడే దవాఖానకు వెళ్ళాం. అక్కడినుంచి వరంగల్ పంపితే, తలకు తీగలు అంటించి కాగితం మీద గీతలు తీశారు. ఆపా చెప్పిందే నిజమైంది. డాక్టరుగారు మాత్రలు రాసిచ్చి, పిల్ల ఎప్పుడు పడుకుంటుంది, ఎప్పుడు లేస్తుంది అని అడిగారు. అమ్మ నీళ్ళ సంగతి చెప్పింది. ఎదిగే పిల్లల మెదడుకు నిద్ర అన్నంతో సమానమని, నిద్ర తగ్గితే ఈ జబ్బు ఎక్కువవుతుందని ఆయన బాపుకు వివరించారు. బాపు తల దించుకుని, "నా నిద్రకు కాలనీ మొత్తం కావలి కాసింది సారూ. నా బిడ్డ నిద్ర నేను చూసుకోలే" అన్నాడు.

ఆ మరుసటి రోజు కుళాయి దగ్గరికి నేనే లేచి వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు. అమ్మ బిందె ఎత్తుకుంటూ నన్ను చూసి, నీకు మెలకువ ఎట్ల వచ్చిందే అని ఆశ్చర్యపోయింది. నేను రోజూ దొంగనిద్ర పోయేదాన్నని అప్పుడు చెప్పలేకపోయాను. చాలా ఏళ్ళ తర్వాత చెప్పాను. పగటి డ్యూటీ వారాల్లో బాపు కూడా బిందె పట్టుకుని వచ్చేవాడు. చుట్టుపక్కలవాళ్ళు మగవాడు నీళ్ళు మోస్తున్నాడని నవ్వితే, తనూ నవ్వేవాడు.

చెల్లె ఆగిపోవడం నెల రెండు నెలల్లో బాగా తగ్గింది. పదమూడో ఏట మందులు కూడా మాన్పించారు. ఇప్పుడది బెల్లంపల్లిలో బట్టల దుకాణం నడుపుతోంది. నాకంటే గట్టిగా మాట్లాడుతుంది, మొదలుపెడితే ఆగదు.

నేను ముప్ఫై ఏళ్ళు బడిపంతులమ్మగా చేశాను. పిలిస్తే పలకని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉండేవాళ్ళు. అలాంటప్పుడు నేను బల్ల దగ్గరికి నడిచి, వంగి, ముందు కళ్ళలోకి చూసేదాన్ని. తర్వాత, "రాత్రి నిద్ర పోయినవా బిడ్డా?" అని అడిగేదాన్ని. మా చెల్లె లాంటి పిల్ల ఇన్నేళ్ళలో ఒక్కతే కనబడింది. ఆ అమ్మాయిని డాక్టరు దగ్గరికి నేనే వెంటబెట్టుకుని పోయాను. మిగిలినవాళ్ళు చాలామందికి ఉన్నది నిద్రలేమి ఒక్కటే. వాళ్ళను వెనక బల్ల మీద ఒక అరగంట పడుకోనిచ్చేదాన్ని.

మొన్న మా మనవడు అన్నం ముందు కూర్చుని, ముద్ద చేతిలో పట్టుకుని గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. కోడలు కోప్పడబోతే చెయ్యి అడ్డం పెట్టి, వాడి పక్కన కూర్చున్నాను. ఏమైంది నాన్నా అని అడిగాను. నిన్నటి క్రికెట్‌లో తను ఎందుకు అవుటయ్యాడో ఆలోచిస్తున్నాడట. నాకూ కోడలికీ నవ్వొచ్చింది. నవ్వొచ్చినా సరే, కోపం కంటే ముందు అడగడం నేను మానను.