టెక్కలిలో ఆగిన ఏసీ, కాశీబుగ్గలో నా పంతం

ఉద్దానంలో ఉండే మా అత్తమ్మకి వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. పోయినవారం అది చేయించుకుని ఆటోలో తిరిగొస్తూ ఎండకి స్పృహ తప్పింది. ఆ కబురు వినగానే నా మీద నాకే ఒళ్లు మండింది. ఇంట్లో కారు పెట్టుకుని ఎందుకు? "ఈసారి నేనే వచ్చి చల్లగా ఇంట్లో దింపుతాను అత్తమ్మా" అని ఫోన్లో మాటిచ్చేశాను.

శ్రీకాకుళంలో ఉదయం ఏడున్నరకి బయల్దేరాను. కోటబొమ్మాళి దాటేదాకా ఏసీ హాయిగా పనిచేసింది. టెక్కలి దగ్గర గాలి ఠక్కున ఆగిపోయింది. బటన్ల మీద లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. అక్కడ నలభై రూపాయల ఇడ్లీ సగంలోనే వదిలేసి లేచాను. పదింటికి పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డు ముందు ఆపాను. అత్తమ్మ డయాలసిస్ అయి రెండింటికి బయటికొస్తుంది.

ఎలక్ట్రీషియన్ ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. రిలే మార్చాడు, అయినా గాలి రాలేదు. "కంట్రోల్ ప్యానెల్ పోయినట్టుంది మేడమ్. ఇశాకపట్నం నుంచి రావాల. నాలుగు రోజులు పడతాది" అన్నాడు. నాలుగు రోజులా! ఫ్యాను వేసినప్పుడల్లా ప్యానెల్ లైట్లు మసకబారడం నేను గమనించాను. కరెంటు తిరిగి కారు బాడీలోకి వెళ్లే ఎర్త్ వైరు సరిగా అతుక్కోకపోతే అలాగే అవుతుంది. "ఎర్త్ చూడండి" అన్నాను.

"మీరేటి సేత్తారు మేడమ్?"

"హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను."

"అయితే పిల్లలకి సెప్పుకోండి. బండి మాకొగ్గీండి" అని నవ్వాడు.

నాకు పంతమొచ్చింది. టెస్ట్ బల్బు లాక్కుని కింద కూర్చున్నాను. ఫ్యాను మోటారుకి కరెంటొచ్చే వైరుకి ఒక కొస, కారు బాడీకి ఇంకో కొస పెడితే బల్బు భగ్గున వెలిగింది. రెండో కొసని మోటారు ఎర్త్ వైరుకి మారిస్తే మిణుకుమంది, అంతే. అంటే కరెంటు వస్తోంది, తిరిగి వెళ్లే దారే పాడైంది. ప్యానెల్‌కి ఏ రోగమూ లేదు! ఆ వైరు పట్టుకుని వెళ్లి ముందు సీటు దగ్గర మ్యాట్ ఎత్తాం. ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంది, పక్కనే చేప పొలుసులు.

"ఇదేటి మేడమ్, కార్లో సేపలు పెంచుతున్నారా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఊరెళ్లినప్పుడల్లా అత్తమ్మ ఇచ్చే చేపల సంచిని, డిక్కీలో పాడవుతాయని, ఏసీ గాలి తగిలేలా అక్కడే పెట్టేదాన్ని. కారిన ఉప్పునీళ్లు ఏసీనే తినేశాయి. గరుకు కాగితంతో బోల్టు రుద్ది బిగించాడు. ఫ్యాను గుయ్యిమంది. నేను షెడ్డులోనే చప్పట్లు కొట్టేశాను. మూడు వందలు తీసుకుని, "మీరు మా షెడ్డులో పనికొచ్చీండి మేడమ్" అన్నాడతను. పన్నెండున్నర అయింది.

రెండుంపావుకి అత్తమ్మ కారెక్కి కళ్లు మూసుకుంది. జీడితోటల మధ్య ఊరికి ముప్పావుగంట ప్రయాణం. ఆమె మొహం వైపు పదిసార్లు చూసుంటాను. సగం దారిలో కొంగు కప్పుకుని, "ఓలమ్మా, సలేత్తందే! కూసింత తగ్గించు" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

పదిహేనేళ్లుగా బోర్డు మీద సర్క్యూట్లు గీస్తున్నాను. అవి ఒక మనిషికి పనికొచ్చిన రోజు ఇదే. ఇటు వచ్చేవాళ్లకి ఒక్క మాట: ఎవరైనా ప్యానెల్ మార్చాలంటే ముందు టెస్ట్ బల్బుతో ఎర్త్ చూపించమనండి. నేను ఆ పని చేయబట్టే, మా అత్తమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కారు దిగి ఇంట్లోకి నడిచి వెళ్లింది.