పాయ నీళ్ళ మీద రంగులు

గుండెల మీద ఒక బరువు పెట్టుకుని ఇన్నేళ్ళూ బతికాను. నా భార్యకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో దివిసీమలో ఒక రైసుమిల్లుకి ఇంజను డ్రైవర్ని. మాకింకా కరెంటు లేదు, మిల్లంతా డీజిలు ఇంజను మీదే నడిచేది. బందరు నుంచి డ్రమ్ములు రావడం ఆలస్యమైతే ఊళ్ళకి ఊళ్ళు ధాన్యం బస్తాలతో మిల్లు ముందు పడిగాపులు పడేవి. ఇళ్ళలో దంపుళ్ళు అప్పటికే మానేశారు. ఇంజను ఆగితే పొయ్యి ఆగినట్టే. అందుకే నేనంటే అందరికీ గౌరవం. అది నాకు తలకెక్కింది.

ఇంజనులోంచి తీసిన మాడిన ఆయిలు మిల్లు వెనక గోతిలో పోసేవాణ్ణి. ఒక వానాకాలం ఆ గొయ్యి పొంగి ధాన్యం కొట్టు వైపు రాసాగింది. పార తీసుకుని గట్టు తెగ్గొట్టాను. ఆయిలంతా మురుగు కాలవలో పడి ఉప్పు పాయలోకి పోయింది. తెలియక చేశానా? ఎటు పోతుందో తెలుసు. మడచెట్ల వేళ్ళ మధ్య రొయ్య పిల్లలు పెరుగుతాయనీ తెలుసు.

పాయంతా చేపలు పొట్టలు పైకి పెట్టి తేలాయి. వాటిని ఏరుతూ కనిపించినవాడు నాంచారయ్య. ఆ పాయ మీదే వల వేసుకుని బతికేవాడు. చేపలు చచ్చి తేలాలని అతనే నీళ్ళలో జెముడు పాల విషం కలిపాడన్నారు. కులపెద్దలు అతన్ని పాయలో దిగొద్దన్నారు.

అతను ముంతలో ఆ నీళ్ళు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"బాబూ, ఈ రంగులేంటో చూడండి. ఇది జెముడు పాలు కాదని పెద్దల ముందు మీరొక్క మాట చెబితే చాలండి."

చూశాను. ఇంద్రధనుస్సులా మెరుస్తోంది.

"బురద తెట్టు అయ్యుంటుంది. నాకేం తెలుసయ్యా?" అన్నాను.

అతను మసిపట్టిన నా చేతుల వైపు చూశాడు. చూశాడా, నాకలా అనిపించిందా?

"సరేనండి" అని వెళ్ళిపోయాడు.

భార్యతో బందరు చేరి ఎవరి పడవలోనో కూలికి కుదిరాడు. పాయ తప్ప సముద్రం ఎరగని మనిషి. గాలివానలో పడవ బోల్తాపడితే మిగతావాళ్ళు ఒడ్డుకి చేరారు. అతను చేరలేదు.

కబురు విని నేనేం చేశాను? గొయ్యి మళ్ళీ నిండింది. మళ్ళీ గట్టు తెగ్గొట్టాను. ఆ మిల్లులో ఉన్నన్నాళ్ళూ అదే పని. ఊరు అన్నం తినాలి కదా అని సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఆ ఊరి ఆకలిని నా పిరికితనానికి అడ్డం పెట్టుకున్నాను. మడచెట్లు మోళ్ళయ్యాయి. కొంగలు రావడం మానేశాయి.

గుడివాడలో మొన్న దివిసీమ వాళ్ళు కలిశారు. పాయ పాడైన సంగతి వస్తే ఇప్పటికీ నాంచారయ్యనే తిడుతున్నారు. నేను వాళ్ళతో టీ తాగి, తలూపి వచ్చేశాను.

క్షమించమని అడగను. క్షమించాల్సినవాడు లేడు. నాంచారయ్య ఏ తప్పూ చెయ్యలేదు. చేసింది నేను. ఈ మాట ఇన్నాళ్ళకి నా నోరు దాటింది. అంతే.